పాత్ర వెనకున్న మనిషి



కిందటి వేసవి సెలవుల్లో మా చిన్నమ్మాయికి బడిలో ఒక పని అప్పజెప్పారు. ఏదైనా కథల పుస్తకం చదివి, దాన్ని గురించి నాలుగు పేజీలు రాసుకురావాలి. అది ఆలిస్ కథ చదివింది. కుందేలు వెంటపడి బొరియలోకి జారిపోయి, అక్కడ వింతలన్నీ చూసిన పిల్ల కథ, మీలో చాలామంది వినే ఉంటారు. రాస్తూ రాస్తూ లేచి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఆలిస్ అనే పిల్ల నిజంగానే ఉండేదిట. విజ్ఞాన సర్వస్వంలో ఆవిడ మీద వేరే వ్యాసం కూడా ఉంది" అంది.

నేను పోపు మాడకుండా చూసుకుంటూ, "ఆవిడేం చేసిందిట?" అని అడిగాను.

"ఏం చెయ్యలేదు. కథలో ఉంది, అంతే" అని వెళ్లిపోయింది.

పోపు సంగతి సరే గాని, ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఏమీ చెయ్యని మనిషికి విజ్ఞాన సర్వస్వంలో చోటెందుకు? రాత్రి భోజనాల దగ్గర ఇదే ప్రశ్న మావారి ముందు పెట్టాను. "విజ్ఞాన సర్వస్వమేమన్నా సత్రమా, వచ్చినవాళ్లందరికీ విస్తరి వెయ్యడానికి? రాజ్యాలేలినవాళ్లు, రోగాలకి మందు కనిపెట్టినవాళ్లు, పుస్తకాలు రాసినవాళ్లు ఉండాలి గాని, ఎవరో రాసిన కథకి నమూనాగా పనికొచ్చినవాళ్లు ఎందుకు? బొమ్మ గీసినవాడిది గొప్ప గాని, ఎదురుగా కూర్చున్నవాడిదా?" అన్నారు. ఆయన మాటలో సబబు లేకపోలేదు. అయినా నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. దానికి నా కారణం నాకుంది, అది తరవాత మనవి చేస్తాను.

ముందు ఆ ఆలిస్ సంగతే చూద్దాం. ఆవిడ పేరు ఆలిస్ లిడ్డెల్. 1852లో పుట్టింది. తండ్రి ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు యూనివర్సిటీలోని ఒక పెద్ద కాలేజీకి అధిపతి. అదే కాలేజీలో లెక్కలు చెప్పే డాడ్జ్‌సన్ అనే ఆయన 1862 జూలై 4న ఈ పిల్లని, అక్కని, చెల్లెల్ని పడవలో షికారు తీసుకెళ్లాడు. కథ చెప్పమని పిల్లలు పట్టుబడితే అప్పటికప్పుడు అల్లి చెప్పిన కథ అది. ఇంటికొచ్చాక ఆలిస్, ఆ కథ నాకు రాసిపెట్టమని అడిగింది. ఆయన తీరిక చేసుకుని తన చేత్తో రాసి, బొమ్మలు కూడా తానే గీసి, 1864 నవంబరులో ఆ పిల్లకి కానుకగా ఇచ్చాడు. మరుసటి ఏడు లూయీ కారల్ అనే కలం పేరుతో అదే పెరిగి పుస్తకమై అచ్చయింది.

"ఏం చెయ్యలేదు" అంది కదూ మా అమ్మాయి? రాసిపెట్టమని అడిగింది, చూశారా! అదేమంత చిన్న పని కాదు. మన ఇళ్లల్లో బామ్మలూ అమ్మమ్మలూ ఆరుబయట మంచాల మీద చెప్పిన కథలు ఎన్ని వేలుంటాయి! రాసిపెట్టమని అడిగినవాళ్లు లేక అవన్నీ వాళ్లతోటే పోయాయి. మా అమ్మమ్మ చెప్పిన ఏడుగురు అన్నదమ్ముల కథ సగమే గుర్తుంది నాకు. మిగతా సగం ఎవర్నడగను?

సరే, ఆలిస్ పెద్దదయింది. 1880లో పెళ్లి చేసుకుంది. ముగ్గురు కొడుకులు పుట్టారు. అందులో ఇద్దరు మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయారు. 1926లో భర్త పోయాడు. పెద్ద ఇల్లు, దాని మీద పన్నులు, చేతిలో డబ్బు లేదు. చిన్నప్పటి ఆ చేతిరాత పుస్తకాన్నే 1928లో లండనులో వేలానికి పెట్టింది. 15,400 పౌన్లు పలికింది. కొన్నది అమెరికా వ్యాపారి. ఆపదలో నగలు తాకట్టు పెట్టే ఇల్లాళ్లం మనకి తెలుసు, ఆ పుస్తకం ఇస్తున్నప్పుడు ఆవిడ మనసెలా ఉండి ఉంటుందో. నాలుగేళ్ల తరవాత, కారల్ శతజయంతి సంవత్సరంలో, ఎనభయ్యో ఏట ఓడెక్కి న్యూయార్కు వెళ్లి, అక్కడ కొలంబియా యూనివర్సిటీవారిచ్చిన గౌరవ పట్టం పుచ్చుకుంది. ఆ రోజుల్లోనే మిగిలిన ఒక్క కొడుక్కీ ఉత్తరం రాస్తూ, ఆలిస్‌గా ఉండీ ఉండీ అలసిపోయానని, ఇలా అనడం కృతఘ్నతే అయినా అలసట మాత్రం నిజమని చెప్పుకుంది. 1934లో కన్నుమూసింది. 1948లో అమెరికావాళ్లు ఆ పుస్తకాన్ని తిరిగి కొని బ్రిటన్‌కి బహుమతిగా ఇచ్చేశారు. ఇప్పుడది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

చెట్టంత కొడుకులిద్దర్ని యుద్ధంలో పోగొట్టుకున్న తల్లిని పట్టుకుని, ఆ కుందేలు సంగతి చెప్పండి అని అడుగుతుంటే ఎవరికి మాత్రం విసుగు పుట్టదు? కథలో ఆవిడ ఎప్పటికీ చిన్నపిల్లే. ఆవిడ పెళ్లి, దుఃఖం, ముసలితనం తెలియాలంటే ఆ వ్యాసం చూడాల్సిందే. అంచేత ఆవిడకి ఆ చోటు ఉండాలనే నేనంటాను.

మగవాళ్ల సంగతి కొంచెం తేడా. మా అమ్మ తరంవాళ్లు కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలు అద్దెకి తెచ్చుకుని, దిండు కింద దాచుకుని చదివారు. అటువంటి డిటెక్టివులందరికీ తాతలాంటివాడు షెర్లాక్ హోమ్స్. ఆ పాత్రని సృష్టించిన కోనన్ డాయల్ ఎడింబరోలో వైద్యం చదివాడు. అక్కడ జోసెఫ్ బెల్ అనే డాక్టరు ఆయన గురువు. రోగి లోపలికి అడుగు పెట్టగానే నడకా, చేతులూ, మాటతీరూ చూసి, నువ్వు ఫలానా పని చేస్తావు, ఫలానా చోటునుంచి వచ్చావు అని చెప్పేవాడట బెల్‌గారు. నా హోమ్స్‌కి మూలం మీరేనని డాయల్ 1892లో ఉత్తరం రాసి మరీ ఒప్పుకున్నాడు.

ఇంతకీ బెల్ ఒట్టి నమూనా కాదు. పేరున్న సర్జను. శస్త్రచికిత్స మీద పుస్తకం రాశాడు, ఎడింబరో వైద్య పత్రికకి సంపాదకుడుగా ఉన్నాడు. వీటన్నిటికంటె నాకు నచ్చింది ఇంకొకటి. నర్సులకి సరైన చదువు చెప్పాలని పట్టుబట్టి, వాళ్ల కోసమే 1887లో ఒక పుస్తకం రాశాడు. హోమ్స్ మొట్టమొదటి కథ వెలువడ్డదీ 1887లోనే. ఆ కథ లోకమంతా తిరిగింది, ఈ పుస్తకం పేరు ఎంతమందికి తెలుసు? ఆయన్ని గురించి ఎక్కడ చూసినా మొదటి వాక్యంలో హోమ్స్ ఉంటాడు, నర్సుల పుస్తకం ఎక్కడో చివర ఉంటుంది. నన్ను రాయమంటే ముందు నర్సులే.

రాబిన్సన్ క్రూసో కథకి ప్రేరణ అని చెప్పుకునే అలెగ్జాండర్ సెల్‌కిర్క్‌ది ఇంకో వింత. స్కాట్లండు నావికుడు. ఓడ బాగోలేదని కెప్టెనుతో తగాదాపడి, 1704లో దక్షిణ అమెరికా పక్కనున్న ఒక నిర్జన దీవిలో దిగిపోయాడు. ఆ ఓడ నిజంగానే తరవాత మునిగింది లెండి. నాలుగేళ్ల నాలుగు నెలలు ఒంటరిగా బతికి, 1709లో వేరే ఓడవాళ్ల కంటబడ్డాడు. క్రూసో నవల 1719లో వచ్చింది. 1966లో చిలీ ప్రభుత్వం ఆ దీవికి పేరు మార్చింది. ఆయన బతికిన దీవికి రాబిన్సన్ క్రూసో పేరు పెట్టి, సముద్రంలో ఇంకా ఎంతో దూరాన ఉన్న వేరొక దీవికి సెల్‌కిర్క్ పేరు పెట్టారు. ఉన్నచోట లేనివాడి పేరు, వేరేచోట ఉన్నవాడి పేరు! పాత్ర మనిషిని ఇంటినుంచి వెళ్లగొట్టడమంటే ఇదే.

అయితే, పాత్రకి నమూనా అనిపించుకోవడం అందరికీ గౌరవమేనా? మన వారపత్రికల సీరియల్ నవలల కింద ఒక వాక్యం వేస్తారు చూడండి, ఇందులోని పాత్రలూ సంఘటనలూ కల్పితాలు, ఎవరినీ ఉద్దేశించినవి కావు అని. సినిమాల్లో ఆ వాక్యం స్థిరపడటానికి ఒక స్త్రీ వేసిన దావా కారణం. 1932లో ఎం.జి.ఎం. కంపెనీవారు రష్యాలోని రాస్‌పుటిన్ మీద సినిమా తీశారు. అందులో నటాషా అనే రాకుమారి అతని చేతిలో మానం పోగొట్టుకున్నట్టు చూపించారు. రాస్‌పుటిన్‌ని 1916లో చంపినవాళ్లలో ఒకడు ఫెలిక్స్ యూసుపోవ్. అతని భార్య ఇరీనా, జార్ చక్రవర్తికి మేనకోడలు. పేరు మార్చినా మమ్మల్ని తెలిసినవాళ్లందరూ అది నేనే అనుకుంటారని ఆవిడ లండను కోర్టుకెక్కింది. 1934లో జూరీవారు 25,000 పౌన్లు ఇప్పించారు. ఆ దెబ్బతో సినిమా కంపెనీలు ఆ వాక్యం తగిలించడం మొదలుపెట్టాయి.

కాబట్టి "ఫలానా పాత్ర ఫలానా ఆవిడే" అనే మాట ఒక్కోసారి ప్రశంస, ఒక్కోసారి నిప్పు. మన ఊళ్లల్లో మాత్రం లేదా? ఫలానా నవలలో గడప దాటిన కోడలు ఈ వీధి చివరింటావిడే అని మధ్యాహ్నం పూట అరుగుల మీద ఎన్ని కబుర్లు వినలేదు మనం? రచయిత నోటితో చెప్పాలి, లేకపోతే ఆ మనిషే చెప్పుకోవాలి, కాదంటే ఉత్తరాలో కాగితాలో ఉండాలి. ఏదీ లేకుండా పోలిక ఒక్కటి పట్టుకుని విజ్ఞాన సర్వస్వంలో ఎక్కిస్తే, అది అరుగు మీది కబురుకి అట్ట వెయ్యడమే అవుతుంది. బతికి ఉండి, తన మానాన తాను కాపురం చేసుకుంటున్న మనిషి జోలికైతే అసలు పోకూడదు.

క్రిస్టఫర్ రాబిన్ మిల్న్ అనే ఆయన ఉండేవాడు. పిల్లల ఎలుగుబంటి బొమ్మ కథల్లో, 1926లో వచ్చిన విన్నీ ది పూ పుస్తకంలో, తండ్రి ఆయన్ని సొంత పేరుతోనే పెట్టేశాడు. బడిలో తోటిపిల్లలు ఏడిపించారు. పెద్దయ్యాక పుస్తకాల అంగడి పెట్టుకుని బతికి, చివరికి 1974లో తన కథ తానే రాసుకున్నాడు. తనని తాను చెప్పుకున్నవాడి గురించి ఇక పేచీ ఏముంది, ఆయన మాటే ఆధారం.

ఇంతసేపూ దొరల కథలే చెబుతోందేమిటి ఈవిడ అనుకుంటున్నారేమో. మనకీ ఉన్నారు. కన్యాశుల్కం నాటకం వినని తెలుగువాళ్లుండరు. ప్రతి ఊళ్లోనూ "మా ఊరి గిరీశం" అనిపించుకునేవాడు ఒకడుంటాడు. కాని నేను చెప్పబోయేది గిరీశం గురించి కాదు, సుబ్బి గురించి. ముసలి లుబ్ధావధాన్లుకి డబ్బు తీసుకుని కట్టబెట్టబోయిన చిన్నపిల్ల. ఆ పిల్లకి నమూనా ఎవరు?

1897లో అచ్చయిన మొదటి కూర్పుకి గురజాడ అప్పారావుగారు ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. పదో తరగతితో ఆగిన చదువు నాది, మా పెద్దవాడు చదివి అర్థం చెప్పాడు. విజయనగరం మహారాజా ఆనంద గజపతిగారు, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్లిళ్లకి జాబితా రాయించారట. లెక్కకి వచ్చినవి 1,034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44 మంది. మూడేళ్లవాళ్లు 36 మంది. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకి ఒక్కొక్కరికి 350 నించి 400 రూపాయలు ధర పలికింది.

మావాడు ఆ అంకెలు చదువుతుంటే నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. రెండోసారి చదవమన్నాను. ఏడాది పిల్ల అంటే అన్నప్రాశన అయి ఎన్నాళ్లయిందండీ? గోడ పట్టుకుని నాలుగడుగులు వేసే పిల్ల. వాళ్లందరూ కలిస్తేనే సుబ్బి. వాళ్లలో భర్తలు పోయినవాళ్లందరూ కలిస్తే బుచ్చమ్మ. సుబ్బి పేరూ బుచ్చమ్మ పేరూ మనందరికీ నోటికొచ్చు. ఆ ముందుమాటలో మాత్రం ఆ పిల్లల్లో ఒక్కరి పేరూ లేదు, అంకెలే ఉన్నాయి.

జోసెఫ్ బెల్‌కి వ్యాసం ఉండాలా అక్కర్లేదా అని వాదించుకోవచ్చు, ఎందుకంటే ఆయనకో పేరుంది, ఫొటో ఉంది, ఉత్తరాలున్నాయి. పేరే మిగలనివాళ్లకి ఎవరు వాదిస్తారు? విడివిడిగా రాయడానికి ఏమీ మిగల్లేదు గనక, వాళ్లందరికీ కలిపి ఒక వ్యాసం ఉండాలి. కన్యాశుల్కం నాటకం కింద ఒక పేరాగా కాదు, వేరేగా. ఆ ఏడాది పిల్లల ధర కూడా అందులో వెయ్యాలి.

ఇక్కడ నాకు భండారు అచ్చమాంబగారు గుర్తుకొస్తారు. ఎందరో స్త్రీల జీవితాలు పోగుచేసి అబలా సచ్చరిత్ర రత్నమాల అని పుస్తకం రాసిన విదుషీమణి. 1905లో చిన్న వయసులోనే పోయారు. ఆవిడ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావుగారు, తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న మహానుభావుడు. ఆ పని సాగుతుండగానే 1923లో ఆయనా కన్నుమూశారు. తరవాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దాన్ని అందుకున్నారు. ఆడవాళ్ల బతుకులు కూడా రాసి ఉంచదగ్గవేనని తమ్ముడికంటె ముందే అక్క చేసి చూపించింది, గమనించారా? ఆ రోజుల్లో కాగితానికీ అచ్చుకీ డబ్బు వెతుక్కోవాలి, ఎవరిని వెయ్యాలి, ఎవరిని వదలాలి అని తూచుకోక తప్పదు. 2003లో తెలుగు వికీపీడియా మొదలయ్యాక చోటు చాలదనే మాటకి అర్థం లేదు. అయితే చోటు పెరిగినకొద్దీ గాలి కబుర్లూ దూరతాయి, ఆ జాగ్రత్త వేరే పడాలి.

ఇక నా కారణం చెబుతానన్నాను.

నాలుగేళ్ల కిందట ఇదే రేడియోలో నేనొక కథ చదివాను. చిన్న వయసులోనే భర్తని పోగొట్టుకుని, అప్పడాలు ఒత్తి, ఇద్దరు కొడుకుల్ని చదివించిన ఇల్లాలి కథ. విన్నవాళ్లు బాగుందన్నారు, కొందరు కళ్లనీళ్లు పెట్టుకున్నామని ఉత్తరాలు కూడా రాశారు. అది మా మేనత్త కథే. పేరు మార్చాను, ఊరు మార్చాను, ఆవిడ పరువు కాపాడానని సంబరపడ్డాను. కథలో ఆవిడ చేత చాలాచోట్ల కన్నీళ్లు పెట్టించాను. మరుదులు వాటా ఎగ్గొడితే నోరెత్తకుండా కొంగు నోట్లో కుక్కుకున్నట్టు రాశాను.

ఆ పండక్కి వెళ్లినప్పుడు మా మేనత్త నన్ను పెరట్లోకి పిలిచింది. "ఏమే అమ్మాయీ, అప్పడాలు నావే, సరే. ఆ ఏడుపెవరిదే? నేనెప్పుడేడిచాను?" అంది.

నిజమే, ఆవిడ ఏడవలేదు. కోర్టుకెక్కింది. మునసబు కోర్టు చుట్టూ ఏడేళ్లు తిరిగింది. వాయిదా ఉన్న రోజున తెల్లారగట్ల లేచి పిండి కలిపి, ఒత్తినవి ఎండకి పక్కింటావిడకి అప్పజెప్పి, మొదటి బస్సు అందుకునేది. ఫీజులో సగం డబ్బు, సగం వకీలుగారింటికి అప్పడాలు, వడియాలు. చివరికి ఎకరమున్నర తెచ్చుకుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే వదిలేశాను. కోర్టుకెక్కిన విధవరాలంటే వినేవాళ్లకి జాలి కలగదేమోనని భయపడ్డాను. ఆవిడకి పరువు మిగిల్చాననుకున్నాను గాని, ఉన్న పరువంతా ఆ ఏడేళ్లలోనే ఉందని నాకు తట్టలేదు.

"నీ కథ నీ ఇష్టం, మార్చుకున్నావు. అసలుది ఎక్కడన్నా రాసిపెట్టవే" అంది.

రాసిపెట్టమని అడిగింది చూడండి, ఆ ఆలిస్ లాగానే. మా మేనత్తకి ఏ విజ్ఞాన సర్వస్వంలోనూ చోటు దొరకదు, అది నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. మా పుట్టింట్లో తాతగారు రాసిన వంశవృక్షం నోటుపుస్తకం ఒకటుంది. తీసి చూశాను. ఏడు తరాల మగవాళ్ల పేర్లున్నాయి. మా తాతగారి పిల్లల దగ్గర మా నాన్న పేరు, బాబాయిల పేర్లు, ఆ కింద "కుమార్తె ఒకర్తు" అని ఉంది. ఆ పక్కన ఖాళీలో ఆవిడ పేరు రాశాను. వెనక పేజీల్లో దావా వేసిన సంవత్సరం, తీర్పు వచ్చిన సంవత్సరం, వకీలుకిచ్చిన అప్పడాల లెక్క, అన్నీ ఆవిడ చెబుతుంటే రాశాను. చదివి వినిపిస్తే రెండు చోట్ల దిద్దించింది. అప్పడాల లెక్క తక్కువ వేశానట.

ఈ ప్రసంగానికి పిలుపు వచ్చినప్పుడు, ఈసారి నీ పేరు రేడియోలో చెప్పనా అత్తా అని అడిగాను. కాసేపు ఆలోచించింది.

"వద్దులే. మా మరిది కొడుకులు ఇప్పుడిప్పుడే రాకపోకలు మొదలెట్టారు, వింటే బాగుండదు. పుస్తకంలో ఉంది కదా" అంది. లేచి లోపలికి వెళ్తూ, ఆ పుస్తకం అటక మీద పెట్టొద్దు, ఎలకలు కొడతాయి, బీరువాలో పెట్టమంది.

బీరువాలోనే పెట్టాను. సెలవు.